సీసీ లెక్క వదిలేశాం, ఆ 0.9 సెకను మాత్రం మమ్మల్ని వదలట్లేదు

జూలై 28

మళ్లీ అదే జరిగింది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ నుంచి బొలెరో పికప్‌లో నాలుగు బళ్లు కట్టుకుని, ఎన్‌హెచ్ 16 మీద దాదాపు 800 కిలోమీటర్లు వంతులవారీగా నడిపి, నిన్న తెల్లవారుజామున గాజువాకలో దిగాం. పడుకుంటే నిద్ర పట్టలేదు. నా యమహా ఆర్15 నాలుగో గేర్లో 80 నుంచి 100 కి.మీ. వేగం అందుకోవడానికి ఒకసారి 5.2 సెకన్లు, ఇంకోసారి 6.1 సెకన్లు తీసుకుంది. బండి అదే, మనిషిని నేనే, గేరు అదే, స్ట్రెయిట్ అదే. ఈ తేడా ఎక్కడిదో తేలకపోతే మూడు నెలలుగా మేం కూర్చుని రాసుకున్న క్లాసుల పథకం నిలబడదు.

కొత్తగా చదివేవాళ్ల కోసం కొంచెం చెప్తాను. మా గుంపులో 14 మందిమి, అందరం విశాఖ వాళ్లమే. ఇక్కడ మనకి ట్రాక్ లేదు కాబట్టి ఏడాదికి మూడుసార్లు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌కి పోతాం. 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. మాలో ఎఫ్‌ఎంఎస్‌సిఐ (దేశంలో మోటారు రేసుల్ని నడిపే సంఘం) లైసెన్సు ఉన్నవాళ్లు ఇద్దరే, వాళ్లు స్టాక్ 165 నోవిస్‌లో (మార్పులు చేయని 165 సీసీ బళ్ల మీద కొత్తవాళ్ల రేసు) దిగుతారు. మిగతావాళ్లది ట్రాక్ డేలో టైమ్ అటాక్, అంటే గడియారంతోనే పోటీ. అయినా క్లాసులు కావాలి, ఎందుకంటే ఒకే సెషన్లో ఎవరెవరు కలిసి ట్రాక్ మీద ఉంటారన్నది క్లాసే తేలుస్తుంది. వేగాల్లో తేడా ఎక్కువైతే మలుపులో ఒకరి వెనక చక్రం మీదికి ఇంకొకరు వస్తారు. బీచ్ రోడ్డు మీద రాత్రిళ్లు భీమిలి దాకా పందేలు వేసుకునే కుర్రాళ్లకి నేను ఎప్పుడూ చెప్పేది ఇదే. అక్కడ క్లాసూ లేదు, మార్షలూ లేడు, ఎదురుగా ఆటో వస్తుంది. ఒక్కసారి ట్రాక్‌కి రండి, చాలు.

మొన్నటిదాకా మావి సీసీ క్లాసులు. 165 వరకు ఒకటి, 200 వరకు ఒకటి, 400 వరకు ఒకటి. వాటిలో మనుషులు 8, 4, 2. ఇద్దరున్న క్లాసులో రెండో స్థానం అంటే ఆఖరి స్థానమే. 165 లోపల సుజుకి గిక్సర్ 155కి 13.6 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత), ఆర్15కి 18.4 పీఎస్. 200 లోపల టీవీఎస్ ఆర్‌టీఆర్ 200 4వికి 20.8, కేటీఎం ఆర్‌సి 200కి 25. ఆ ఆర్‌టీఆర్ నడిపే అన్నయ్య స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టులు చేసుకుంటూ ప్రాక్టీసు చేస్తాడు. మూడేళ్లుగా ఆర్‌సి వెనక పొగ చూస్తున్నాడు, నిజానికి ఆయన ల్యాపులు మా ఆర్15ల పక్కన పడతాయి.

కంపెనీ పవర్‌ని కంపెనీ బరువుతో భాగిస్తే టన్నుకి ఇన్ని పీఎస్ అని వస్తుంది. గిక్సర్ 92, ఆర్‌టీఆర్ 160 4వి 120, ఆర్15 130, ఆర్‌టీఆర్ 200 137, బజాజ్ ఎన్‌ఎస్ 200 155, ఆర్‌సి 200 156, టీవీఎస్ ఆర్‌ఆర్ 310 195, ఆర్‌సి 390 253. అంటే 120 నుంచి 137 దాకా ఒకే క్లాసు. మామయ్య ఆర్‌ఎక్స్ 100ని కూడా లెక్క వేశాను. 98 సీసీ టూ స్ట్రోక్, 11 పీఎస్, ఇంచుమించు 100 కిలోలు, అంటే 110. సీసీ చూస్తే అట్టడుగున ఉండాల్సిన బండి 155 సీసీ గిక్సర్ కంటే పైన కూర్చుంది. ఆ రోజుతో నాకు సీసీ మీద నమ్మకం పోయింది.

పెద్ద రేసుల్లోనూ ఇదే గొడవ. సూపర్‌స్పోర్ట్ 300 ప్రపంచ చాంపియన్‌షిప్ 2017లో మొదలైంది. కవాసకి 400 ట్విన్ (రెండు సిలిండర్లది), యమహా 321 ట్విన్, కేటీఎం 373 సింగిల్ అన్నీ ఒకే గ్రిడ్‌లో. వాటిని సమానం చేయడానికి ఆర్‌పీఎం పరిమితులు, బరువులు మారుస్తూ వచ్చారు. చివరికి 2025తో ఆ క్లాసే అయిపోయి, 2026లో స్పోర్ట్‌బైక్ క్లాసు వచ్చింది. అదీ సీసీతో కాదు, 660 ట్విన్నూ 636 ఫోరూ (నాలుగు సిలిండర్లది) ఒకే చోట నడిచేది. మోటోజీపీ కింది తరగతి మోటో3లో మనిషినీ బండినీ కలిపి తూస్తారు, కనీసం 152 కిలోలు ఉండాలి. ఈ చివరి సంగతే మా పని మొత్తం మార్చేసింది.

జూన్ 21 (పాత డైరీ నుంచి)

బరువులు తూచడానికి ఆటోనగర్ కాటాకి బండి తోసుకెళ్లాను. లారీలు తూచే కాటా పదేసి కిలోలే చూపిస్తుంది. 140 అంది, ముందుకు జరిపితే 150 అంది. అక్కడి నుంచి పాత ఇనుము కొట్టుకి. కొట్టాయన "ఏటి బాబూ, అంత బాగున్న బండి అమ్మీస్తావేటి?" అని అడిగాడు. సంగతి చెప్పాక తనే చక్రాల కింద చెక్క పెట్టి సాయం పట్టాడు. 146.2 వచ్చింది. నాలుగోసారి తూచేటప్పుడు తెలిసింది, హ్యాండిల్ పట్టుకున్న నా చెయ్యి బండిని కిందికి అదుముతోందని. ప్యాడాక్ స్టాండు మీద తూచి స్టాండు బరువు తీసేస్తే 143.6, ట్యాంకు సగానికి. అంతే, బరువు తేలింది.

మనిషిని కలిపితే అసలు బొమ్మ కనిపించింది. నేను 83 కిలోలు, సూటూ హెల్మెటూ బూట్లూ కలిసి ఇంకో 10. నా బండి మీదే 58 కిలోల తమ్ముడు కూర్చుంటే టన్నుకి 87 పీఎస్, నేను కూర్చుంటే 78. ఆర్‌టీఆర్ 200 మీద 88 కిలోల అన్నయ్య 83 దగ్గర ఆగుతున్నాడు. అంటే 155 సీసీ బండి మీద కుర్రాడు 200 సీసీ బండి కంటే ముందున్నాడు!

జూలై 29

ఇప్పుడు ఆ 0.9 సెకను.

కంపెనీ పవర్ కాగితం మీది అంకె, చక్రం దగ్గర ఎంతొస్తుందో బండి బండికీ మారుతుంది. డైనోకి (చక్రం దగ్గర పవర్ కొలిచే యంత్రం) పోతే ఒక్కో బండికీ డబ్బు, పైగా పట్టీలు బిగించే తీరుకే అంకె మారుతుంది. ఒకే బండికి ఒకే ఉదయం 15.6, 16.3 రావడం కళ్లారా చూశాను. అందుకే వేరే దారి పట్టాను. టన్నుకి ఎన్ని పీఎస్ అన్నది తెలియాలంటే పవరూ బరువూ విడివిడిగా తెలియక్కర్లేదు. ఎంత త్వరగా వేగం అందుకుంటుందో చూస్తే రెండూ కలిసే అందులో ఉంటాయి. మెయిన్ స్ట్రెయిట్ మీద నాలుగో గేర్లో థ్రాటిల్ పూర్తిగా తెరిచి 80 నుంచి 100. మొదట్లో ఫోన్ జీపీఎస్ వాడాం. సెకనుకి ఒక్క బిందువు ఇచ్చేదానితో అయిదు సెకన్ల పని కొలవడం కుదరదు. ఈసారి సెకనుకి 25 బిందువులిచ్చే 25 హెర్ట్జ్ లాగర్ కొన్నాం, చందా వేసుకుని. ఈ పనికి ఫోన్ యాప్‌లు ఎవరూ వాడొద్దని గట్టిగా చెప్తాను.

వచ్చిన అంకెలు ఇవి. నేను: 5.2, 5.4, 5.3, 5.5, మధ్యాహ్నం 5.9, 6.1. నా బండి మీద తమ్ముడు: 4.7, 4.8, 4.9, మధ్యాహ్నం 5.3. ఆర్‌టీఆర్ అన్నయ్య: 5.0, 5.1, మధ్యాహ్నం 5.6. తమ్ముడి బరువుకి లెక్క వేస్తే ఉదయం 4.8 రావాలి, వచ్చింది. కానీ నా ఒక్కడి అంకెల్లోనే 0.9 తేడా ఉంటే, నాకూ అన్నయ్యకీ మధ్య ఉన్న 0.3 తేడాని పట్టుకుని క్లాసు ఎలా గీస్తాం?

ఒక్కొక్కటీ తీసి చూశాను.

పెట్రోలు: ఉదయానికీ మధ్యాహ్నానికీ ట్యాంకులో ఆరు లీటర్ల తేడా అనుకున్నా నాలుగున్నర కిలోలు. 235 కిలోల మీద అది 0.1 సెకను. పైగా మధ్యాహ్నం ట్యాంకు ఖాళీ, బండి ఇంకా త్వరగా పోవాలి. ఇది కాదు.

ఎండ: 30 డిగ్రీల నుంచి 38కి పోతే గాలి సాంద్రత రెండున్నర శాతం తగ్గుతుంది, పవరూ అంతే తగ్గుతుంది. గాలి అడ్డూ కాస్త తగ్గుతుంది కనుక, 0.15 సెకనుకు మించి రాదు.

కూర్చునే తీరు: తల ఎత్తితే గాలి అడ్డు పది శాతం పెరుగుతుందనుకుంటే 0.3 సెకను. వీడియో నాలుగుసార్లు చూశాను. నిదానంగా వచ్చిన రెండు రన్‌లలోనూ గడ్డం ట్యాంకు మీదే ఉంది.

ముందు బండి: 5.2 వచ్చిన రన్‌లో ఆర్‌సి 390 నా ముందు పదిహేను మీటర్లలో ఉంది. దాని వెనక గాలి పలచన. ఆ రన్ కొట్టేశాను. అయినా 5.3కీ 6.1కీ మధ్య 0.8 మిగిలింది.

ఇక మిగిలింది ఎదురుగాలి. 235 కిలోలు 5.4 సెకన్లలో 20 కి.మీ. వేగం పెంచుకోవాలంటే 242 న్యూటన్ల బలం మిగలాలి. 90 వేగంలో గాలి అడ్డు నా అంచనాలో 137 న్యూటన్లు. గంటకి 10 కి.మీ. ఎదురుగాలి వీస్తే బండికి గాలి 100 లాగా తగులుతుంది, వేగం వర్గం కనుక అడ్డు 23 శాతం పెరిగి 169 అవుతుంది. 32 న్యూటన్లు పోయాయి. 242లో అవి తీసేస్తే 210, టైము 6.2. నాకొచ్చింది 6.1! ముఖానికి మెల్లగా తగిలే గాలి అది, విశాఖలో మధ్యాహ్నం సముద్రం మీంచి అంతకంటే ఎక్కువే వీస్తుంది.

అంకె కలిసిందని తేలిపోయినట్టు కాదు. ఆ రోజు గాలి ఎటు వీచిందో మేమెవరం రాసుకోలేదు. మార్షల్ పోస్టు దగ్గర జెండా ఎటు ఎగురుతోందో వీడియోలో వెతికాను, ఆ ముక్కలో జెండా చుట్టేసి ఉంది. రోడ్డు మీదైతే రెండు వైపులా నడిపి సగటు తీయొచ్చు. సర్క్యూట్‌లో వెనక్కి నడపడం అనేది లేదు. రెండు బళ్ల మీద ముగ్గురమూ మధ్యాహ్నం అరసెకనుకి అటూ ఇటూగా నిదానించాం కనుక కారణం బండిలో లేదు, మనిషిలో లేదు. అంతవరకే గట్టిగా అనగలను.

ఆగస్టు 2

"అంకె కుదరట్లేదుగా, ల్యాప్ టైమ్ చూసి క్లాసు పెట్టేయండి" అని ముగ్గురు ఫోన్ చేశారు. జూలైలో అదీ చేసి చూశాం. 2:15 లోపు ఎ, 2:25 దాకా బి, ఆ పైన సి. ఒక సెషన్లో ఎవరైనా తమ క్లాసు గీత దాటి వేగంగా పోతే తర్వాతి సెషన్‌కి పైకి. సగటు కాదు, ఆ రోజు మొత్తంలో అత్యుత్తమ ల్యాపే లెక్క, లేకపోతే కావాలని నిదానంగా నడిపేవాళ్లు వస్తారు. సి క్లాసులో ఆరుగురు నాలుగు సెకన్ల లోపల పడ్డారు. గిక్సర్ కుర్రాడు మొదటిసారి ఒకరిని దాటాడు, పిట్‌లోకి వచ్చాక మాట్లాడలేకపోయాడు.

కానీ ఆ ఆరుగురిలో ఆర్‌ఆర్ 310 ఒకటి ఉంది. నడిపేది కొత్తవాడు, 2:27. స్ట్రెయిట్ మీద అందర్నీ దాటేసి, మొదటి మలుపు (సి1)కి చాలా ముందే బ్రేకు కొట్టి, మలుపంతా దారి మూసేస్తున్నాడు. వెనకున్న ఆర్15 మలుపులో అతని మీదికి వస్తుంది, స్ట్రెయిట్ రాగానే మళ్లీ వెనకబడుతుంది. రెండుసార్లు నా గుండె ఆగినంత పనైంది. ఆ కొత్తవాడి తప్పేం లేదు, వాడికి ఆ క్లాసే ఇచ్చాం. 34 పీఎస్ బండినీ 14 పీఎస్ బండినీ ల్యాప్ టైమ్ కలిపింది గానీ, ఆ ల్యాపు వాళ్లు చేసే తీరు వేరు. అందుకే రెండు గీతలు కావాలంటున్నాను. ముందు ల్యాప్ టైమ్, దానిలోపల పికప్‌కి పైహద్దు. ఆ హద్దు కోసమే ఈ 80–100 గొడవంతా.

టైర్ల మాట కూడా. పిరెల్లి డయాబ్లో రోసో వేశాక నాకు ల్యాపులో మూడు సెకన్లు తగ్గాయి, కంపెనీ టైర్లతో పోలిస్తే. బండి ధరలో భాగం కాని ఈ మూడు సెకన్లు సి క్లాసులో ఉండకూడదని నా అభిప్రాయం. సి వాళ్లంతా కంపెనీ టైర్లే వాడాలి, నేను కూడా.

ఆగస్టు 5

సెప్టెంబరులో స్లాటు దొరికింది. ఈసారి పద్ధతి మారుస్తున్నాను. ఆర్‌టీఆర్ 160 ఒకదాన్ని కొలబద్ద బండిగా పెడతాం. ఒకే మనిషి, ఒకే పెట్రోలు గుర్తు, ప్రతి సెషన్లోనూ రెండు రన్‌లు. మిగతా బళ్ల టైమును ఆ సెషన్లో కొలబద్ద బండి టైముతో భాగిస్తాం. గాలి మారితే రెంటికీ మారుతుంది. ఫెయిరింగ్ (గాలిని చీల్చే ముందు తొడుగు) ఉన్న బండికీ లేని బండికీ ఎదురుగాలి ఒకేలా తగలదు, అక్కడ కొంత తప్పు మిగులుతుంది. అందుకని ఆర్15లకి వేరే కొలబద్ద పెట్టాలా అని అన్నయ్యతో రోజూ వాదన. ఆయన ఒకటే చాలంటాడు.

గాలి వేగం కొలిచే చేతి మీటరు ఆర్డరు పెట్టాను, గురువారం వస్తుంది. ముందు ఋషికొండ దగ్గర ఒడ్డున ఉదయం ఏడింటికీ మధ్యాహ్నం మూడింటికీ పట్టుకుని చూస్తా. ట్రాక్ మీద దాన్ని పిట్ వాల్ దగ్గర పట్టుకునే పని గిక్సర్ కుర్రాడు తనకే ఇమ్మన్నాడు. ప్రతి రన్‌కీ దిక్కు కూడా రాసుకోమని వాడికి నోటుబుక్కు కొనిచ్చాను.