నార్సెట్‌లో నన్ను ముంచిందీ తేల్చిందీ ఒకే చాప్టర్

ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగాల పరీక్ష నార్సెట్ రిజల్ట్ వచ్చి నాలుగు రోజులైంది. పీడీఎఫ్‌లో నా రోల్ నంబర్ ఉందో లేదో ఇప్పటికీ రోజుకోసారి తెరిచి చూసుకుంటున్నాను, నవ్వకండి. బెంగళూరు మారతహళ్లి పీజీలో మా రూమ్మేట్లు ఆ రాత్రే ఆంధ్రా మెస్‌లో పార్టీ వసూలు చేసేశారు. "అక్కా, ఏం చదివావు?" అని అడుగుతున్న వాళ్లందరికీ కలిపి ఇది రాస్తున్నాను.

మెడ్ సర్జ్ (మెడికల్-సర్జికల్ నర్సింగ్), ఓబీజీ (ప్రసూతి, స్త్రీల వ్యాధులు), పీడియాట్రిక్స్ మీరు చదివేదే నేనూ చదివాను. నేను చెప్పేది మనం చివరి వారానికి వదిలేసే ఎథిక్స్, లీగల్ ఆస్పెక్ట్స్ గురించి. "అందులో ఏముంది, కామన్ సెన్సే కదా" అనుకున్నాను. పోయినసారి వెంట్రుకవాసిలో తప్పిపోయింది. ఎథిక్స్‌లో గుర్తున్న ఆరు ప్రశ్నల్లో నాలుగు తప్పు పెట్టాను, పైగా ప్రతి తప్పుకీ మూడో వంతు కోత. అన్నీ ధీమాగా పెట్టినవే.

అందులో ఒకటి ఇలాంటిది. పేషెంట్ కన్సెంట్ (ఆపరేషన్‌కి సమ్మతి) ఫారం మీద సంతకం చేసింది, కానీ ఆపరేషన్ ఏమిటో తనకు అర్థం కాలేదంటోంది. నర్సు ఏం చేయాలి? నేను "పేషెంట్‌కి వివరించాలి" అని పెట్టాను. జవాబు "సర్జన్‌కి తెలియజేయాలి".

ఆన్సర్ కీ చూశాక ఒళ్లు మండింది. ఎందుకంటే అచ్చం అదే పని నేను వార్డులో చేశాను. ముళబాగిలు వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ, గర్భసంచి తీసే ఆపరేషన్. ఫారం ఇంగ్లీషు, కన్నడలో ఉంది. ఆవిడకి తెలుగు తప్ప రాదు, వేలిముద్ర మాత్రం అప్పటికే పడిపోయింది. తెల్లవారుజామున ప్రీ-ఆప్ (ఆపరేషన్ ముందు ఏర్పాట్లు) చేస్తుంటే చెయ్యి పట్టుకుని "ఏం కోస్తారు పాపా నాకు?" అని అడిగింది. మంచం అంచున కూర్చుని, పాత బీపీ చార్టు వెనక బొమ్మ గీసి చెప్పాను. "ఇంకేమన్నా తీస్తారా?" అంది. "లేదవ్వా" అన్నాను. ఇన్‌ఛార్జ్ చెప్తే సాక్షి దగ్గర సంతకం కూడా పెట్టాను. ఆ పూట నన్ను చూసి నేనే మురిసిపోయాను.

తర్వాత ఆపరేషన్ థియేటర్ నోట్స్ చూస్తే అండాశయాలు కూడా తీశారు. అది ముందు నుంచీ వాళ్ల ప్లాన్‌లోనే ఉంది. తెలియనిది నాకే. తెలియకుండానే "లేదవ్వా" అనేశాను.

రెండో అటెంప్ట్‌కి చదువుతున్నప్పుడు సమీరా కోహ్లీ కేసు దగ్గర ఆగిపోయాను. లాపరోస్కోపీతో పరీక్ష చేయడానికి మాత్రమే ఆమె ఒప్పుకుంది. మత్తులో ఉండగా తల్లి చేత సంతకం పెట్టించుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. స్పృహ వచ్చాక ఆమెనే అడగొచ్చు, ప్రాణం మీదికేమీ రాలేదు కాబట్టి ఆ సమ్మతి చెల్లదని సుప్రీంకోర్టు 2008లో తేల్చింది. అంతకుముందు నేను ఈ కేసులో 2008 అన్న అంకెను మాత్రమే బట్టీ పట్టాను. ఈసారి చదువుతుంటే అవ్వ చెయ్యి గుర్తొచ్చింది. ఏం తీస్తారు, ఎందుకు, వేరే దారేమిటి అన్నవి చెప్పాల్సింది ఆపరేషన్ చేసే డాక్టరే. మన సంతకం పేషెంట్ ఇష్టపూర్వకంగా ఒప్పుకుందనడానికి సాక్ష్యం, అంతే. డాక్టర్ చెప్పేది తెలుగులో అందించడం వేరు, డాక్టర్ బదులు మనం చెప్పడం వేరు.

అయినా అవ్వ పక్కన కూర్చోవడం తప్పని ఇప్పటికీ అనుకోను. ఫోన్ చేయకపోవడమే తప్పు. ఆ టైమ్‌లో సర్జన్‌కి ఫోన్ చేస్తే ఎవరు తిట్లు తింటారో డ్యూటీ చేసేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

అప్పటి నుంచి ప్రతి ప్రశ్న దగ్గరా ఒకటే చూసుకున్నాను: ఇది ఎవరి పని? వార్డులో మనం అలవాటుగా చేసేసేది ఆప్షన్లలో కచ్చితంగా ఉంటుంది, దాని మీదే ముందు అనుమానపడండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. "ఇంజెక్షన్ వేయించుకోకపోతే కట్టేస్తా" అని బెదిరిస్తే అసాల్ట్, వద్దన్నా వేసేస్తే బ్యాటరీ. వార్డులో ఏదైనా పొరపాటో ప్రమాదమో జరిగితే ఇన్సిడెంట్ రిపోర్ట్ రాయాలి, కానీ రాశానని నర్సెస్ నోట్స్‌లో రాయకూడదు. 1947 నర్సింగ్ కౌన్సిల్ చట్టంతో ఆగిపోకుండా 2023 నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం కూడా చూడండి. పాత గైడ్లలో ఐపీసీ 304ఏ అనే ఉంటుంది. 2024 జులై 1 నుంచి అది బీఎన్ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 106(1). నిర్లక్ష్యం వల్ల ఎవరైనా మరణిస్తే మామూలుగా శిక్ష 5 ఏళ్ల వరకు, రిజిస్టర్డ్ డాక్టర్ అయితే 2 ఏళ్ల వరకే. ఆ మినహాయింపులో నర్సు లేదు. ఇది చదివిన రోజు మా రూమ్‌లో పెద్ద గొడవే జరిగింది.

ఉద్యోగం మానేసి కోచింగ్‌లో కూర్చోమని చాలామంది చెప్పారు. ఇంటికి నెలనెలా డబ్బు పంపాలి, మానలేదు. పన్నెండు గంటల నైట్ చేసి, సిల్క్ బోర్డు దగ్గర కదలని బస్సులో రోజుకి ముప్పై ప్రశ్నలు చేశాను. టైమ్ లేదంటే నేను ఒప్పుకోను. రీల్స్‌కి దొరికే టైమ్ దీనికెందుకు దొరకదు? కోపం తెచ్చుకోకండి, మొదటి అటెంప్ట్‌లో నేనూ అంతే.

ఇంకా నోటీస్ పీరియడ్‌లోనే ఉన్నాను, ఈ వారమంతా నైట్లే. అవి అయ్యాక నా లీగల్ నోట్స్ ఫొటోలు తీసి పెడతాను. చేతిరాత ఘోరం. ఐపీసీ నంబర్లు కొట్టేసి పక్కన ఎర్ర పెన్నుతో రాసినవే చూసుకోండి.