నామినీ గడి

మంగళవారం, రాత్రి తొమ్మిదిన్నర

పొద్దున ఏడింటికే పీలేరు వైపు నుంచి ఒకామె ఫోను. కూతురు కువైట్‌లో ఇంటిపనికి పోయి నాలుగు నెలలయింది, పది రోజులుగా ఫోను ఎత్తడం లేదట. వయసెంతమ్మా అంటే ఇరవై నాలుగు అంది. ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే గల్ఫ్ లాంటి చోట్ల పనికి పోవాలంటే ముందు ప్రభుత్వ అనుమతి కావాల్సిన పాస్‌పోర్టు, ఉన్న ఆడపిల్లకు 30 ఏళ్లు నిండకపోతే గల్ఫ్‌లో ఇంటిపనికి అనుమతి రాదు. ఆ సంగతి ఏజెంటుకు బాగా తెలుసు, అందుకే విజిట్ వీసా మీద ఎక్కించాడు. తల్లికే తెలీదు. పాస్‌పోర్టు జిరాక్సు, ఏజెంటుకు డబ్బు కట్టిన ఆధారాలు ఏమున్నా వెతికి పెట్టమన్నా.

ఆ తర్వాత రోజంతా బాధితుల హోమ్‌లో ఉండే ఇంకో పిల్లతో ఆధార్ కేంద్రంలోనే గడిచిపోయింది.

ఆ పిల్ల పేరు రాయను. అత్యాచారం కేసుల్లో బాధితురాలి పేరు అచ్చు వేస్తే రెండేళ్ల దాకా జైలంటుంది భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 72వ సెక్షన్. నాది డైరీనే కానీ, మావాడు దీని వెనక పేజీల్లో లెక్కలు చేస్తుంటాడు. చిన్నమ్మ వరసయ్యే మనిషి, చెన్నైలో బట్టలంగట్లో పనుందని తీసుకుపోయి అమ్మేసింది. ఇంతే రాస్తా. ఆ కథను ఆ పిల్ల ఇప్పటికి పోలీసుకు, డాక్టరుకు, మేజిస్ట్రేటుకు, హోమ్‌లో మేడంకు, లాయరుకు చెప్పింది. నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఫైల్లో ఉంది కదా, చదువుకుంటే సరిపోతుంది.

హోమ్ గేటు దాటగానే ఆగింది. నా మెడలో పారా లీగల్ వాలంటీర్ కార్డు, అంటే న్యాయ సేవల సంస్థ తరఫున సాయం చేసేవాళ్ల కార్డు, వేలాడుతోంది. "అది తీసేయక్కా. అది ఏసుకోని నువ్వు నా పక్కన నిలబడితే, నేనెవరో అందరికీ తెలిసిపోతాది." నాలుగేళ్లుగా ఆ కార్డు వేసుకుని ఎంతమంది పక్కన నిలబడ్డానో. తీసి సంచిలో వేసుకున్నా.

పని చూస్తే చిన్నదే. పరిహారం దరఖాస్తుకు బ్యాంకు ఖాతా కావాలి. ఖాతాకు ఆధార్. ఆధార్‌కున్న ఫోన్ నెంబరు ఆ చిన్నమ్మది! అప్పట్లో కార్డు తీయించింది ఆవిడే. ఇదెవరికీ తట్టలేదు, లాయరుకూ, నాకూ. ఆ పిల్లే పట్టుకుంది. "ఓటీపీ ఆయమ్మకు పోతాది కదక్కా. బ్యాంకు మెసేజిలు కూడా ఆయమ్మకే పోతాయేమో."

నెంబరు మార్చడానికి ఏ కాగితమూ అక్కర్లేదు, వేలిముద్ర చాలు. ఆ వేలిముద్రే పడలేదు. కుడి బొటనవేలు, ఎడమది, మళ్లీ కుడిది. చూపుడు వేలి చివర కాలిన మచ్చ. కుర్రాడు తడిగుడ్డ ఇచ్చి తుడుచుకోమన్నాడు, తర్వాత కంటిపాప తీశాడు. మధ్యలో గట్టిగా, "ఈ పాత నెంబరు ఎవరిది, మీ ఆయనదా?" అన్నాడు. క్యూలో ఉన్నవాళ్లంతా ఇటు తిరిగారు. నేను నోరు తెరిచేలోపే "పోయింది సార్" అంది. వాడు ఇంకేమీ అడగలేదు. వాడి తప్పేం ఉంది? అందరినీ అడిగినట్టే అడిగాడు.

బయట బండి దగ్గర ఇడ్లీ తింటూ పరిహారం సంగతి చెప్పా. జాతీయ న్యాయ సేవల సంస్థ (నల్సా) 2018 పథకం ప్రకారం మంజూరైన డబ్బులో 75 శాతం కనీసం మూడేళ్లు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంటుంది, మిగతాదే ఇప్పుడు చేతికొస్తుంది. "అయితే చేతికొచ్చేదాంట్లో సెల్ రిపేరు నేర్చుకుంటా" అంది. హోమ్‌లో కుట్టుమిషన్ నేర్పిస్తున్నారు కదే అన్నా. "సూదిలో దారం ఎక్కించేదే రాదు నాకు. ఎవరొచ్చినా మిషనే చూపిస్తారు!" నిజమే. కష్టపడి బయటికొచ్చిన ఆడదానికి మనం ఇచ్చేది కుట్టుమిషన్, లేకపోతే కొవ్వొత్తుల అచ్చు. ఇన్నేళ్లలో ఏం చేయాలనుందని నేనెంతమందిని అడిగాను? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మాపటేల బ్యాంకు ఫారం నింపుతూ కూర్చున్నాం. పేరు, పుట్టిన తేదీ చకచకా రాసింది. చిరునామా దగ్గర కొంచెం ఆలోచించి హోమ్‌దే రాసింది. నామినీ గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. అమ్మ లేదు. నాన్న ఫోనెత్తడు, ఎత్తినా "ఊర్లోకి రావద్దు" అని పెట్టేస్తాడు.

"నీ పేరు రాసేదా అక్కా?"

నాకు అది కుదరదు. కేసులో ఉన్నవాళ్ల డబ్బుతో మాకే సంబంధమూ ఉండకూడదు. ఆ మాట చెప్పకుండా, "నామినీ లేకపోయినా ఖాతా ఇస్తారే, ఖాళీగా వదిలెయ్" అన్నా, ఫైలు సర్దుకుంటూ. గమ్మున తలూపింది.

రేపు పదింటికి బ్యాంకు. పీలేరు ఆమెకు పొద్దున్నే ఫోన్ చేయాలి. కార్డు ఇంకా సంచి అడుగునే ఉంది.