ఒకే కారు, ఒకే ఇంజిన్: మరి తేడా ఎక్కడ?

పోర్షె సూపర్‌కప్‌ను మన వైపు పట్టించుకునేవాళ్లు తక్కువ. ఐరోపాలో ఫార్ములా వన్ జరిగే ఆదివారాల్లో, అసలు రేసుకు కొన్ని గంటల ముందు, అదే ట్రాక్ మీద అరగంటలో ముగిసిపోయే పోటీ ఇది. సాయంత్రం ఫార్ములా వన్ కోసం టీవీ పెట్టేవాళ్లకు అంతకుముందు ఇదొకటి జరిగిందన్న సంగతే తెలియదు. నేను మాత్రం 2024 సీజన్‌ను ఇటలీలోని ఇమోలా ట్రాక్ నుంచి మోంజా ట్రాక్ దాకా ఎనిమిది రేసులూ వదలకుండా చూశాను. ఈ సీజన్ కోసమే ఆదివారం మధ్యాహ్నాలు ఇంటి పనులకు దొరక్కుండా తప్పించుకున్నానని కూడా ఒప్పుకోవాలి.

1993లో మొదలైన ఈ సిరీస్‌లో అందరూ నడిపేది ఒకే రకం కారు. 2021 నుంచి 2025 వరకు వాడిన 911 జీటీ3 కప్ కారుకు వెనుక భాగంలో నాలుగు లీటర్ల, ఆరు సిలిండర్ల ఇంజిన్ ఉంటుంది. శక్తి 510 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత), బరువు సుమారు 1,260 కిలోలు. టైర్లు అందరికీ మిషెలిన్ స్లిక్కులే, అంటే గాడులు లేని నున్నటి టైర్లు. బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ లేదు, వేగం పెంచేటప్పుడు చక్రం జారకుండా ఆపే ట్రాక్షన్ కంట్రోల్ లేదు. ఇంజిన్‌కు సీలు ఉంటుంది కాబట్టి దాన్ని విప్పి అదనపు శక్తి రాబట్టుకోవడం కుదరదు.

ఇదంతా మా పెదనాన్నకు వివరించినప్పుడు ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే: "అన్నీ ఒకే కంపెనీ, ఒకే మోడలు అంటున్నావు. అయితే ఇంక గెలుపేముందిరా అబ్బాయ్, డబ్బున్నోడిదేగా?" ఆయనకు విజయవాడ ఆటోనగర్‌లో వీల్ అలైన్‌మెంట్ షెడ్డు ఉంది. ఒకే కంపెనీ నుంచి ఒకే నెలలో వచ్చిన లారీలు రెండేళ్లకు ఎంత వేరుగా తయారవుతాయో రోజూ చూసే మనిషి అలా అడగడం నాకు కాస్త వింతగానే అనిపించింది. ఎందుకంటే దానికి సగం జవాబు ఆయన చేతిలోనే ఉంది.

షెడ్డుకు బండి రాగానే ఆయన కంప్యూటర్ జోలికి పోరు. ముందు టైరు దగ్గర కూర్చుని ట్రెడ్ మీద అరచేతిని లోపలి నుంచి బయటికి ఒకసారి, బయటి నుంచి లోపలికి ఒకసారి రాస్తారు. ఒక దిక్కున నున్నగా జారిపోయి, రెండో దిక్కున రబ్బరు అంచులు చేతికి గరుకుగా తగిలితే టో, అంటే చక్రాలు ముందుకు చూసే దిశ, తప్పిందని అర్థం. ఒక వైపు మాత్రమే అరిగి ఉంటే అనుమానం క్యాంబర్ మీదకు, అంటే చక్రం నిలువుగా కాక పక్కకు వంగిన కోణం మీదకు, పోతుంది. సూపర్‌కప్ జట్లకు మార్చుకునే వీలున్నది కూడా సరిగ్గా ఇలాంటి వాటినే: టో, క్యాంబర్, కారు నేలకు ఎంత ఎత్తులో ఉండాలి, మలుపులో కారు పక్కకు ఒరగకుండా ఆపే యాంటీ రోల్ బార్ ఎంత బిగువుగా ఉండాలి, వెనుక రెక్క ఏ కోణంలో నిలవాలి, టైర్లలో గాలి ఎంత. లారీకి టైరు ఎక్కువ కాలం మన్నాలని చూస్తాం. రేసు కారుకు మాత్రం మలుపులో టైరు మొత్తం వెడల్పు నేలను పట్టుకోవాలని చక్రాల పైభాగాన్ని బాగా లోపలికి వంచుతారు. లోపలి అంచు త్వరగా అరిగిపోయినా అరగంట నిలిస్తే చాలు.

వీటన్నింటిలో నాకు బాగా ఆసక్తి కలిగించింది గాలి ఒత్తిడి. టైరు వేడెక్కేకొద్దీ లోపలి గాలి వ్యాకోచించి ఒత్తిడి పెరుగుతుంది. కాబట్టి మొదట్లో తక్కువ గాలితో బయలుదేరితే తొలి ల్యాపుల్లో కారు జారుతుంది కానీ చివర్లో పట్టు నిలుస్తుంది. ఎక్కువ గాలితో బయలుదేరినవాడు మొదట దూసుకుపోయి, తర్వాత టైరు మధ్యభాగం మితిమీరి వేడెక్కి వెనుకబడతాడు. రేసులో ఎవరు ఏ స్థానం నుంచి బయలుదేరాలో తేల్చే క్వాలిఫైయింగ్ నాటికి మబ్బుగా ఉండి రేసు నాటికి ఎండ కాస్తే ఈ లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. పిట్ స్టాపులు లేని రేసు కాబట్టి, గ్రిడ్ మీద, అంటే రేసు మొదలయ్యే వరుసలో, నిలబడ్డాక ఆ తప్పును దిద్దుకునే అవకాశం కూడా లేదు.

ఇక డ్రైవర్ సంగతి. ఇంజిన్ బరువు వెనుక ఉన్న కారుకు మలుపు మధ్యలో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు ఒక్కసారిగా తీస్తే వెనుక భాగం బయటికి తిరిగిపోతుంది. అందుకే బ్రేకును మలుపులోకి కూడా కొద్దికొద్దిగా వదులుతూ తీసుకెళ్లి ముందు చక్రాల మీద బరువు నిలుపుతారు. ఏబీఎస్ లేదు కాబట్టి ఆ కొలత తప్పితే లోపలి వైపు ముందు చక్రం బిగుసుకుపోయి పొగ లేస్తుంది. మోంజాలో పొడవాటి సూటి దారి చివరి మొదటి షికేన్ (వేగం తగ్గించడానికి పెట్టిన వంకర మలుపులు) దగ్గర ఇది తరచుగా కనిపిస్తుంది. అలా ఒకచోట చదునైపోయిన టైరు ఆ తర్వాత ప్రతి చుట్టుకూ స్టీరింగ్‌ను అదరగొడుతూనే ఉంటుంది.

ట్రాకులన్నీ ఒకే రకంగా పరీక్ష పెట్టవు. 3.337 కిలోమీటర్ల మొనాకో వీధుల్లో దాటడానికి చోటే దొరకదు కాబట్టి అక్కడ రేసు శనివారం క్వాలిఫైయింగ్‌లోనే దాదాపు ముగిసిపోతుంది. కార్లు సమానమైనప్పుడు క్వాలిఫైయింగ్‌లో సెకనులో పదో వంతు కూడా పెద్ద అంతరమే. బెల్జియంలోని ఏడు కిలోమీటర్ల స్పా ట్రాక్ మాత్రం ఇందుకు పూర్తిగా వేరు. ముందు కారు చీల్చిన గాలిలో వెళ్తూ వేగం పుంజుకుని దాటవచ్చు. హంగరీలోని హంగరోరింగ్ ట్రాక్ గురించి ఎక్కువ చెప్పను, నాకు నిద్ర తెప్పించిన రేసు అదొక్కటే.

పాయింట్ల పట్టిక చూస్తే ఈ సీజన్ల స్వభావం ఇంకా బాగా తెలుస్తుంది. మొదటి స్థానానికి 25, తర్వాత వరుసగా 20, 17, 14 పాయింట్లు. నాలుగు రేసులు గెలిచి మిగిలిన నాలుగింటిలో గోడకు గుద్దుకున్నవాడికి వంద పాయింట్లు వస్తే, ఒక్కటీ గెలవకుండా ఎనిమిదింటిలోనూ నాలుగో స్థానంలో వచ్చినవాడికి 112 వస్తాయి. మొదటి ల్యాపులో తొందరపడే కుర్రాళ్లు ఈ చిన్న లెక్కను సీజన్ సగం గడిచాకే గ్రహిస్తారని నా అనుమానం.

పెదనాన్న ప్రశ్నలో నిజం లేకపోలేదు. కారు అందరికీ ఒకటే అయినా సాధన దినాలు, అనుభవం ఉన్న ఇంజినీరు, గుద్దుకున్న కారును రాత్రికి రాత్రే నిలబెట్టే మెకానిక్కులు డబ్బు లేనిదే రారు. మైకేల్ అమ్మెర్‌ముల్లర్ 2017 నుంచి 2019 వరకు వరుసగా మూడుసార్లు ఛాంపియన్ అయినప్పుడు వెనుక ఉన్నది ఆస్ట్రియాకు చెందిన లెక్నర్ అనే బలమైన జట్టు. అయితే నెదర్లాండ్స్‌కు చెందిన లారీ టెన్ వోర్డె 2020, 2021లో ఒక జట్టు తరఫున, 2024లో మరో జట్టు తరఫున టైటిల్ సాధించాడు. జట్టు మారినా ఫలితం మారలేదంటే ఘనత కొంతైనా డ్రైవర్‌కే ఇవ్వాలి. 2014 ఛాంపియన్ ఎర్ల్ బాంబర్ మరుసటి ఏడాదే పోర్షె జట్టులో లే మాన్స్ 24 గంటల రేసు గెలిచాడు. అక్కడి కారు పూర్తిగా వేరు కాబట్టి ఆ గెలుపు నాకు ఇంకా బలమైన సాక్ష్యంగా కనిపిస్తుంది.

డబ్బు ప్రమేయాన్ని ఇంకా తగ్గించాలనుకుంటే మన దేశంలోనే మంచి పద్ధతి నడిచింది. 2010లో మొదలైన ఫోక్స్‌వ్యాగన్ పోలో కప్‌లో డీజిల్ పోలో కార్లను కంపెనీయే సిద్ధం చేసి డ్రైవర్ల చేతికి ఇచ్చేది. 510 పీఎస్ ఆర్భాటం అక్కడ లేకపోయినా, పెదనాన్న అడిగిన ప్రశ్నకు సూపర్‌కప్ కన్నా అదే సూటి సమాధానమని నేను అనుకుంటాను.

2026 సీజన్‌కు పోర్షె 520 పీఎస్ కొత్త 911 కప్ కారును తెచ్చింది. అంటే పాత కారుతో ఏళ్ల తరబడి రాసుకున్న గాలి ఒత్తిడి, క్యాంబర్ లెక్కలలో చాలావాటిని పెద్ద జట్లు కూడా తిరగరాసుకోవాలి. తొలి రెండు మూడు క్వాలిఫైయింగ్‌లలో పెద్ద జట్టుకూ చిన్న జట్టుకూ మధ్య దూరం ఎంత తగ్గుతుందో చూడాలని ఉంది. తగ్గకపోతే పెదనాన్నకు ఇంకో మార్కు వేయక తప్పదు.