బోదకాలుకి సబ్బు, నీళ్లు, పాత నూలుగుడ్డ

బోదకాలు ఉన్నవాళ్లని మాత్రల గురించి అడిగేలోపు కాలి వేళ్ల సందులు చూడండి. ముఖ్యంగా చిటికెన వేలి పక్కన. చర్మం తెల్లగా నాని, సన్నగా చీలి ఉంటుంది. వణుకుతో జ్వరం, గజ్జల్లో బిళ్ల కట్టడం చాలాసార్లు మొదలయ్యేది అక్కడే. లింఫు నాళాలు (ఒంట్లో కణాల మధ్య చేరే నీటిని, అంటే లింఫుని, తిరిగి రక్తంలోకి చేర్చే సన్నటి గొట్టాలు) దెబ్బతిన్న కాలు, లోపలికొచ్చిన క్రిమిని సరిగ్గా తరమలేదు మరి.

రోజుకు రెండుసార్లు మామూలు సబ్బు, చన్నీళ్లు. బ్రష్షు, పీచు వద్దు, గీరుకుంటే ఇంకో పుండు. తుడవకుండా మెత్తటి నూలుగుడ్డతో అద్దాలి. సందుల్లో గుడ్డ పేలిక దూర్చి తడి పీల్చాలి. అందరూ వదిలేసేది ఇదే! చీలిక ఉంటే యాంటీఫంగల్ క్రీము.

లింఫుకి గుండెలాంటి పంపు లేదు, పిక్క కండరం ఆడితే బాగా పైకెక్కుతుంది. టీవీ చూస్తూ మడమలు 10-15 సార్లు ఎత్తి దించండి. రాత్రి పరుపు కింద, కాళ్ల వైపు దిండు పెట్టండి (గుండె జబ్బుంటే డాక్టర్ని అడిగాకే). కాలు ఎర్రబడి జ్వరమొస్తే మాత్రం వ్యాయామం, మర్దన ఆపేసి ఆసుపత్రికి. ఒంట్లో నీరు లాగే బిళ్లలు ఈ వాపుని తగ్గించవు.