చెట్టు కింద నిలబడి వేసే లెక్క

ఇళ్ల పెరళ్లలోని చెట్లు కొట్టే, కొమ్మలు కత్తిరించే చిన్న కంపెనీలు తమ ఎస్టిమేట్లను ఫోన్‌లోనే తయారుచేసుకోవడానికి నేను రాసిన సాఫ్ట్‌వేర్‌ను ఈ నెల మొదట్లో డబ్బు తీసుకుని ఇవ్వడం ప్రారంభించాను. ప్రస్తుతం దానిని వాడుతున్నవి మూడే కంపెనీలు. మూడూ అట్లాంటాకు ఉత్తరాన, మేము ఉండే ఆల్ఫరెటా చుట్టుపక్కలవే.

మూడేళ్ల కిందట మా పెరట్లోని వాటర్ ఓక్ చెట్టు మొదలు దగ్గర పుచ్చిపోయి ఇంటి వైపు ఒరిగింది. ఇద్దరిని పిలిపించి చూపించాను. ఒకాయన తన కార్డు వెనక ఒక అంకె వేసి ఇచ్చారు. రెండో ఆయన నాలుగు రోజుల తరువాత దానికి దాదాపు రెట్టింపు మొత్తాన్ని మెసేజ్‌లో పంపారు. తక్కువ అడిగినాయనకే పని ఒప్పజెప్పాను. సాయంత్రానికి చెట్టు క్షేమంగా నేలకు దిగింది గాని, దుంగలు గడ్డి మీదే ఉన్నాయి, నేలలో మిగిలిన మొద్దు కదలలేదు. వాటిని తీసుకువెళ్లడం ఆ ధరలో లేదని ఆయన, ఉందని నేను. మా ఇద్దరిలో ఎవరమూ అబద్ధమాడలేదు. కార్డు మీద అంకె తప్ప మరేమీ రాసి లేదు.

ఈ సంగతి ఫోన్‌లో చెబితే మా నాన్నగారు, "చెట్టూ ఇచ్చి, పైన డబ్బు కూడా నువ్వే ఇచ్చావా?" అని అడిగారు. మా ప్రకాశం జిల్లాలో సుబాబుల్ కొట్టుకుపోయేవారు టన్నుకు ఇంత అని రైతుకే చెల్లిస్తారు. వాకిట్లో వేపచెట్టు కొట్టించినా, కలప కొనేవాడు చుట్టూ తిరిగి చూసి ఎంతో కొంత చేతిలో పెట్టి మరీ తీసుకుపోతాడు. అక్కడి లెక్క కలపకు. ఇక్కడ ఇళ్ల మధ్య పెరిగిన చెట్టులో ఎక్కడ మేకులు, ఇనుప ముక్కలు దిగి ఉన్నాయోనన్న భయంతో కోతమిల్లులు సాధారణంగా దానిని ముట్టుకోవు. అందువల్ల లెక్కంతా చెట్టును దించడానికీ, తరలించడానికీ. నాన్నగారికి జవాబు చెప్పబోతూనే ఈ పని ధర ఎక్కడి నుంచి పుడుతుందో నాకు తెలిసివచ్చింది.

అది తెలిసి కూడా మొదటి ప్రయత్నంలో తప్పు చేశాను. చెట్టు ఎత్తు, నేల నుంచి నాలుగున్నర అడుగుల దగ్గర కాండం వ్యాసం, చెట్టు జాతి ఇస్తే ధర చెప్పే సూత్రం ఒకటి రాశాను. ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్న ఒక యజమాని తనతో పాటు నన్ను రెండు వారాంతాలు తిప్పారు. ఒకే రోజు చూసిన రెండు లాబ్‌లాలీ పైన్ చెట్లు ఎత్తులోనూ లావులోనూ ఇంచుమించు సమానం. ఒకటి రోడ్డు పక్కన, మనిషిని పైకి ఎత్తే బకెట్ ట్రక్ నేరుగా చేరే చోట ఉంది, రెండోది ఇంటి వెనక వాలులో, కరెంటు తీగ పక్కన. తీగలకు పదడుగుల లోపల పని చేయాలంటే అందుకు ప్రత్యేక శిక్షణ ఉండాలి. రెండో చెట్టును మనిషి తాళ్లతో ఎక్కి, ముక్కముక్కగా కోసి, ప్రతి ముక్కనూ తాడుతో దించాలి. రెండడుగుల వ్యాసం, నాలుగడుగుల పొడవు ఉన్న పచ్చి ఓక్ దుంగ ఒక్కటే దాదాపు 350 కిలోలు తూగుతుంది. ఇలాంటి ముక్కలను వాలు మీదుగా, కొమ్మలను పొట్టు చేసే చిప్పర్ యంత్రం దాకా, ట్రక్కు దాకా చేర్చే మనుషుల గంటలు నా సూత్రంలో ఎక్కడా లేవు.

కాబట్టి ఇప్పుడు నా సాఫ్ట్‌వేర్ ధర నిర్ణయించదు. చెట్టు కింద నిలబడినవారు తాము చూసినదంతా అక్కడే, సిగ్నల్ లేకపోయినా, నమోదు చేసుకునేలా చేస్తుంది: ఏ చెట్టో ఫొటో మీద గుర్తు, మొద్దు పిండి చేయాలా వద్దా, దుంగలు ఎవరివి, కొమ్మల చెత్త ఎక్కడికి, ఎందరు మనుషులు, ఎన్ని గంటలు. అట్లాంటా నగర పరిధిలో సొంత పెరటి చెట్టయినా ఒక లావు దాటితే నగరపాలక సంస్థ అనుమతి కావాలి గనుక ఆ ప్రశ్న కూడా ఉంది. ఇంటివారు ఫోన్‌లోనే సంతకం చేయవచ్చు. 2000 నాటి అమెరికా ఇ-సైన్ చట్టం అలాంటి సంతకం ఎలక్ట్రానిక్ అన్న కారణంతో చెల్లకుండా పోదని చెబుతోంది. అదే కాగితం స్పానిష్ మాట్లాడే పనివారికి ఆ భాషలో వెళుతుంది. నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించిన భాగం ఇదే, ఎందుకంటే ఒప్పుకున్నవారు ఒకరు, రంపం పట్టేవారు మరొకరు.

ఉద్యోగం మానలేదు. హెచ్-1బి వీసా మీద ఉన్నవారు ఆ వీసా ఇప్పించిన కంపెనీకి తప్ప, విడిగా అనుమతి లేకుండా సొంత కంపెనీకైనా పని చేయడం కుదరదు కాబట్టి గ్రీన్ కార్డు వచ్చాకే కంపెనీ రిజిస్టర్ చేశాను. ఇలాంటి కంపెనీల కోసం జాబర్, ఆర్బర్‌గోల్డ్ వంటి సాఫ్ట్‌వేర్‌లు ఇప్పటికే ఉన్నాయి, మంచివే. అయితే నలుగురు మనుషులు, ఒక ట్రక్కు ఉన్న కంపెనీకి వాటిలోని సదుపాయాల్లో సగం పైగా అవసరం పడవని నా నమ్మకం. ఎంతమంది వాడినా కంపెనీకి నెలకు ఒకే ధర పెట్టాను.

పని పూర్తయ్యాక అసలు పట్టిన గంటలను అంచనా పక్కనే నమోదు చేయమని ముగ్గురు యజమానులనూ కోరాను. గత వారం ఒకచోట ఆరు గంటలనుకున్నది తొమ్మిది పట్టింది. కారణం చెట్టు కాదు. మొద్దు పిండి చేసే యంత్రం పెరటి గేటులో పట్టకపోవడంతో కంచె పలకలు విప్పి, మళ్లీ బిగించవలసి వచ్చింది. ఆ రాత్రే మార్చాను. ఇప్పుడు ఫారంలో మొదటి ప్రశ్న గేటు వెడల్పు.