మా అబ్బాయికి బిలాల్ పేరే ఎందుకు పెట్టాం

షికాగోలో పుట్టిన మా అబ్బాయికి బిలాల్ అని పేరు పెడితే ఊళ్లో బంధువులకు అంతగా రుచించలేదు. మా గుంటూరు వైపు దూదేకుల ముస్లిం కుటుంబాల్లో ఇంటి భాష తెలుగే. పేర్లు ఎక్కువగా దర్గా మొక్కులను బట్టి వచ్చేవి. నాగూరుకు మొక్కుకుంటే నాగూర్, గుంటూరు మస్తాన్ దర్గాకు మొక్కుకుంటే మస్తాన్. హిందువుల ఇళ్లలోనూ మస్తాన్‌రావులు, మస్తానమ్మలు ఉన్నారంటే ఆ మొక్కుల చలవే. ఆ పేర్లంటే నాకూ ప్రాణమే.

బిలాల్ అంటే అరబ్బీలో తడి, గొంతు తడిపే నీరు. ఎడారి మనుషులకు అంతకంటే చల్లని పేరేముంటుంది? అయితే మమ్మల్ని కట్టిపడేసింది ఆ పేరు మోసిన మనిషి. హజ్రత్ బిలాల్ ముహమ్మద్ ప్రవక్త కాలంలో మక్కాలో బానిస. తల్లి హమామా అబిసీనియా (నేటి ఇథియోపియా ప్రాంతం) నల్లజాతి స్త్రీ. ఇస్లాం స్వీకరించాడన్న కోపంతో యజమాని ఉమయ్యా ఆయనను కాలే ఇసుకపై పడుకోబెట్టి ఛాతీమీద బండరాయి పెట్టించాడు. అయినా ఆయన నోట వచ్చింది "అహద్, అహద్" అన్న మాటే. దేవుడు ఒక్కడే అని. ప్రవక్త సహచరుడు అబూబకర్ ఆయనను విడిపించారు. ఇస్లాంలో తొలి ముఅజ్జిన్, అంటే అజాన్‌తో నమాజుకు పిలిచేవాడు, ఆయనే. 630లో మక్కా ముస్లింల వశమైనప్పుడు కాబా కప్పు మీదికెక్కి అజాన్ ఇచ్చిందీ ఆయనే. ఒకనాటి బానిస అంత ఎత్తున నిలబడటం మక్కాను ఏలిన ఖురైష్ తెగ పెద్దలు కొందరికి మింగుడుపడలేదంటారు.

షికాగోలో ఈ పేరుకు మరో చరిత్ర ఉంది. ఇక్కడి నల్లజాతి ముస్లింల పత్రిక 'ముహమ్మద్ స్పీక్స్' 1975లో 'బిలాలియన్ న్యూస్'గా మారింది. వారి నాయకుడు వారిస్ దీన్ ముహమ్మద్ తమ జాతివారిని బిలాలియన్లనే పిలిచేవారు. అందుకేనేమో, మసీదులో నల్లజాతి పెద్దలు మావాడి పేరు వినగానే సొంత మనవడిలా దగ్గరకు తీసుకుంటారు.

మరి మనం? ఎండలో ఆడితే నల్లబడతావని పిల్లలను కేకలేస్తాం. ఇక్కడికి వచ్చాక నల్లవారుండే పేటల వైపు వెళ్లొద్దని హెచ్చరిస్తాం. విందుల్లో పిల్లల ముందే ఇలాంటి మాటలు దొర్లుతుంటే నాకు కడుపు మండుతుంది. ఇప్పుడు అక్కడికక్కడే అడ్డు చెబుతున్నాను. ఎవరైనా నొచ్చుకుంటే నొచ్చుకోనీ. బిలాల్ అని కొడుకును పిలుచుకునే ఇంట్లో ఆ మాటలు సాగనివ్వను.

మొన్న వాడు నానమ్మకు ఫోనులో ఈ కథంతా తెలుగులోనే చెప్పాడు. బండరాయి దగ్గరకు రాగానే ఆవిడ ఆగలేకపోయింది. "ఆ రాయి పెట్టినవాడి చేతులు పడిపోను! తర్వాత ఏమైందిరా నాయనా?"