వడ్ల కుప్పల దగ్గర యాంటీబయాటిక్ ముచ్చట

ఏటా నవంబరు 18 నుంచి 24 దాకా మందులకు లొంగని సూక్ష్మజీవుల మీద అవగాహన వారం. తేదీలు ఎవరు పెట్టారో గానీ, మా వరంగల్ వైపు అప్పుడు ఒకపక్క పత్తి ఏరుడు, ఇంకోపక్క వడ్ల కాంటాలు. పగలు ఊళ్లో ముసలోళ్లు తప్ప ఎవరూ దొరకరు. పీహెచ్‌సీ ఫార్మసిస్టును కాబట్టి మీటింగ్ పని నా మీద పడింది. "పొద్దుగూకినంక వడ్లు కొనే ఐకేపీ సెంటర్‌కే పోదాం సార్, వడ్లకు కావలి పండుకునేటోళ్లంతా ఆడనే ఉంటరు" అన్నది ఆశా అక్క.

ముందు ఊరి ఆర్ఎంపీని కలిశాను. ఆయన్ని పక్కనపెట్టి ఈ పని కాదు; రాత్రి జ్వరమొస్తే జనం తలుపు కొట్టేది ఆయన ఇంటికే. "నేను పవర్ గోలీ ఇయ్యకుంటే పక్కూరికి పోతరు సార్. మూడు రోజులు పండుకుంటే కూలి ఎవలిస్తరు?" అన్నాడు. పవర్ గోలీ అంటే యాంటీబయాటిక్. పోస్టర్లు రాసేవాళ్లకు తట్టని సంగతి ఇదే. జలుబు వైరస్‌తో వస్తుంది, బ్యాక్టీరియా మీద పనిచేసే యాంటీబయాటిక్ దాని మీద పనిచేయదు. కానీ రేపటి కూలి పోతుందన్న భయం ఆ గోలీ మింగిస్తుంది. మీటింగ్‌కు ఆయన్నే ముందు వరసలో కూర్చోబెట్టాను.

మందులకు లొంగని బ్యాక్టీరియా వల్లే 2019లో ప్రపంచంలో సుమారు 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా. ఆ లెక్క చెప్తే ఎవరూ ఉలకలేదు. ఒక పెద్దాయన మాత్రం, "గులాబీ పురుగు లెక్కనేనా సారూ?" అన్నాడు.

ఇక నేను వినడమే. పురుగును చంపే గుణమున్న బీటీ పత్తి విత్తనం కొత్తగా వచ్చినప్పుడు కాయలు ఎట్లుండేవో, తర్వాత గులాబీ పురుగు దాన్ని ఎట్ల తట్టుకుందో తలా ఒక మాట చెప్పారు. చచ్చేవి చచ్చినయ్, తట్టుకున్నవి మిగిలినయ్, చేనంతా వాటి సంతానమే. నేను కలిపింది ఒక్కటే: పురుగు ఆ గుణాన్ని పిల్లలకే ఇస్తుంది, బ్యాక్టీరియా అయితే పక్కనున్న వేరే రకానికి కూడా అందిస్తుంది.

ఇంట్లో మిగిలిన గోలీలు తెమ్మని అక్క ముందే చెప్పి ఉంచింది. కవర్లు విప్పి, మందు అట్టల మీద ఉండే, 2016లో కేంద్రం ప్రచారం చేసిన ఎర్ర గీతను సెల్‌ఫోన్ లైట్ వేసి వెతికించాం. గీత ఉన్నవన్నీ యాంటీబయాటిక్‌లే కావు. డాక్టరు చీటీ లేనిదే కొనవద్దని దాని అర్థం. నిరుడు మిగిలిన అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను ఒకామె మనవడికి దాచిపెట్టిందట. దాని మీదే చాలాసేపు మాట్లాడాం.

సెఫిక్సిమ్ లాంటి యాంటీబయాటిక్‌లు అమ్మితే రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు ఉంచాలని 2014 మార్చి నుంచి నిబంధన. మెడికల్ షాపు తమ్ముడు ఆ మాటకు నవ్వి ఊరుకున్నాడు.

చివర్లో కోళ్లఫారం రైతు ఒకాయన లేచి, "మరి దాణాల కలిపే మందు?" అని అడిగాడు. కోళ్లు, పశువులకు కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకాన్ని 2019లోనే నిషేధించారని చెప్పాను. మిగతా మందుల గురించి ఆయన అడిగినవి నాతో తేలేవి కావు. వచ్చే నవంబరుకు పశువుల డాక్టర్‌ను పిలుద్దామని అక్క నోట్‌బుక్‌లో రాసుకుంది.